లేని లాటరీకి ముప్ఫై వాటాలు

మార్చి 18

ఊళ్లో ముప్ఫై ఇళ్లు. ఈమెయిల్ ఉన్నది నాకొక్కదానికే. పోయినేడు కాఫీ తోటల రిజిస్ట్రేషన్‌కి మెయిల్ ఐడీ లేకపోతే ఫారం ముందుకి కదల్లేదు. అందరి ఫారాల్లోనూ నా ఐడీయే కొట్టేశాను. అప్పటినుంచి ఊరందరి మెసేజ్‌లూ నా ఫోన్‌కే వస్తాయి.

ఇవాళ వాటర్ ట్యాంకు దగ్గర సిగ్నల్ తగలగానే ఒక మెయిల్ దిగింది. మీ ఐడీకి లక్కీ డ్రాలో పాతిక లక్షలు తగిలాయట. నవ్వొచ్చింది. ఇలాంటివి మోసమని డిగ్రీలోనే చెప్పారు. ఎవరికీ చెప్పలేదు. డిలీట్ కూడా చేయలేదు.

మార్చి 19, ఉదయం 6

ఒకవేళ నిజమైతే?

మా ఊళ్లో పండగ మేకైనా, కొండ తేనైనా ముప్ఫై వాటాలు వేసి అడ్డాకుల్లో పంచుతారు. కొండెక్కినవాడికీ, ఇంట్లో పడుకున్నవాడికీ ఒకటే వాటా. పాతిక లక్షలు ముప్ఫై ఇళ్లకి పంచితే ఎంతొస్తుందో ఫోన్‌లో చూశాను. నచ్చలేదు. ఐడీ నాది కాబట్టి డబ్బూ నాదే అని తేల్చుకున్నాను.

పేరు, ఫోన్ నంబరు రాసి రిప్లై ఇచ్చాను.

మార్చి 21

ఎవరో ఆఫీసరట, ఫోన్ చేశాడు. మేడమ్ మేడమ్ అంటూ ఎంత మర్యాదో. నన్ను మేడమ్ అన్నవాళ్లు ఇంతవరకు లేరు. డబ్బు చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దన్నాడు, చెబితే క్యాన్సిల్ అట. నాకూ అదే కావాలి కదా.

ప్రాసెసింగ్ ఫీజు పన్నెండు వేలు. బీఈడీకని దాచుకున్నవి పంపేశాను.

మార్చి 22

ఫోన్ రాలేదు.

మార్చి 24

వచ్చింది. ఇప్పుడు టాక్స్ అట, ముప్ఫై వేలు. ఆ పాతిక లక్షల్లోంచే కోసుకుని మిగతాది పంపమన్నాను. రూల్స్ ఒప్పుకోవన్నాడు. గొంతు మారింది. సాయంత్రంలోగా కట్టకపోతే కేసు పెడతానన్నాడు. మేడమ్ పోయి నువ్వు వచ్చింది.

ఆ మెయిల్ మళ్లీ తీసి చూశాను. పంపిన అడ్రస్‌లో కంపెనీ పేరే లేదు, ఏవో అక్షరాలు, అంకెలు. అసలు నేను టికెట్టే కొనలేదు. కొనని టికెట్టుకి డ్రా ఎలా తగులుతుంది? ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే ఆ పన్నెండు వేలూ పంపాను. దొంగకి తేలు కుట్టినట్టు ఉంది, ఎవరి దగ్గర ఏడవను?

మార్చి 26

కొంప మునిగింది. పక్కింటి ధర్మ బావ కాఫీ డబ్బులు పడ్డాయేమో చూస్తానని నా ఫోన్ తీసుకున్నాడు. ఆ మెయిల్ కంటపడింది. పొద్దు వాలేసరికి ఊరంతా తెలిసిపోయింది.

అది మోసమని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. మోసమైతే ఇన్నాళ్లూ ఎందుకు సెప్పనేదు గుంటా అని బావ అడిగాడు. ఫోన్ లాక్కుని ఇంటికొచ్చేశాను. అమ్మ గంజి నా ముందు పెట్టి అటు తిరిగి కూర్చుంది.

మార్చి 28

ధర్మ బావే ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకి ఫోన్ చేశాడు. ముప్ఫై వేలు కడితే వారంలో పడిపోతాయని వాడు చెప్పాడట. ముప్ఫై ఇళ్లు, ఇంటికి వెయ్యి. ఊరి పేరున వొచ్చింది ఊరిదే, రేపు బేగి కట్టేద్దాం అని అందరూ ఒప్పుకున్నారు. గంగ పెద్దమ్మ కోళ్లమ్మి తెచ్చింది.

నేను కట్టిన సంగతి చెబితే ఒక్కదాన్నే తిందామనుకున్నానని తెలిసిపోతుంది. చెప్పకపోతే వీళ్లు మునుగుతారు.

మార్చి 29, ఉదయం 5

భయంగా ఉంది. చెప్పాలి.

మార్చి 29, సాయంత్రం

చెప్పాను. పన్నెండు వేలు పంపిన మెసేజ్ అందరికీ చూపించాను. గాసి తాత మా ఊరి పెద్ద. డబ్బు పంపినప్పుడు మనసులో ఎన్ని వాటాలేసినావే అని అడిగాడు. ఒక్కటే తాతా అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

తాతే అన్నాడు, తన పరువు తానే తీసుకోడానికి ఎవులూ అబద్దమాడరు, గుంట నిజమే సెప్తంది అని. గంగ పెద్దమ్మ తన వెయ్యీ తీసుకుని కొంగున ముడేసుకుంది. తర్వాత ఒక్కొక్కరే. చివరికి ధర్మ బావ కూడా.

ట్యాంకు దగ్గరికి వెళ్లి సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాను. పంపిన రోజే చేసుంటే ఆపే వీలుండేదేమో అన్నారు.

ఏప్రిల్ 2

పెద్దలు నాకు తప్పు వేశారు, అంటే జరిమానా. ఒక కోడి, రెండు కుంచాల బియ్యం. లాటరీయే లేనప్పుడు తప్పేంటి తాతా అని అడిగాను.

లాటరీ నేకపోయినా దాపరికం ఉంది కదేటి అన్నాడు.

కోడిని నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. ఈ నెల ఇటుకల పండక్కి మేకని కోస్తే మన గుమ్మానికి వాటా వస్తాదో రాదో అని అమ్మ దిగులు.

ఏప్రిల్ 14

కొత్త మెయిల్. ఈసారి కారు. పండగ మేకని కోస్తున్న చోటే నిలబడి అందరికీ చదివి వినిపించాను. మన దారిలో కారెక్కడ నడుస్తాదని గంగ పెద్దమ్మ నవ్వింది.

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అడ్డాకు పొట్లం ఉంది. విప్పి చూశాను. అందరికీ ఎంతో మాకూ అంతే.