ముత్యం మేతకు కాపలా

మోరిస్‌విల్, మంగళవారం రాత్రి

ముత్యం బరువు మళ్ళీ తగ్గింది. శుక్రవారానికి పెరగకపోతే ఆస్పత్రిలో ఉంచి గొట్టంతో తినిపించాలన్నాడు పక్షుల డాక్టరు. సుజాత పోయి ఆరు వారాలు. అప్పట్నుంచి ఆ కాకటూ చిలుక ఒక్క పూట కూడా గిన్నె ఖాళీ చేయలేదు.

సాయంత్రం అమ్మాయి శ్రావ్య వచ్చింది.

“డాడీ, ఫుడ్ పెట్టి నువ్వెక్కడికి వెళ్తావ్?”

“వంటింట్లోకి. తినేటప్పుడు చూస్తే దిష్టి.”

“అది బర్డ్, డాడీ.”

“నీకు తగిలేది. దానికి తగలదా?”

నవ్వి, ఫోన్‌లో చదివి వినిపించింది. ఆస్ట్రేలియాలో ఈ పసుపు జుట్టు కాకటూలు గుంపుగా నేల మీదికి దిగి గింజలు ఏరుకుంటాయట. ఒకటి రెండు మాత్రం తినకుండా చెట్టు మీద కూర్చుని, డేగ వస్తుందేమోనని చూస్తుంటాయట.

“మమ్మీ దాని ఎదురుగానే కూర్చునేది కదా,” అంది.

కూర్చునేది. అలా చూడకు అని ఎన్నిసార్లు విసుక్కున్నానో.

శ్రావ్య వెళ్ళాక గిన్నె నింపి, సుజాత కుర్చీలో కూర్చున్నాను. ముత్యం చాలాసేపు నన్నే చూసింది. తర్వాత వంగి ఒక బఠాణీ తీసుకుంది. ఇప్పటికి ఏడు తింది. ఏడు చాలవు. దానికి పన్నెండేళ్ళు, ఇంకో నలభై ఏళ్ళు బతకవచ్చట. నాకు డెబ్బై ఒకటి. నా తర్వాత దీని ఎదురుగా ఎవరు కూర్చుంటారో...

ఇంకా తింటోంది. దగ్గు వస్తోంది, ఆపుకుంటున్నాను.