అన్నయ్య పేరు చెప్పి ఊదాను

నూకాలు వదినకి, నీ మరిది రాస్తున్నది.

ఫోనులో చెప్పడానికి నోరు రాలేదు. మద్దిలపాలెం బస్టాండులో కూర్చుని ఇది రాసి, అన్నయ్యని చూసి ఊరికి తిరిగొస్తున్న మీ నాన్న చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న ఇక్కడి ఆసుపత్రిలో అన్నయ్యకి ఊపిరితిత్తుల పరీక్ష చేశారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టంలోకి గట్టిగా ఊదమన్నారు. మూడుసార్లూ దగ్గొచ్చి సగంలోనే ఆగిపోయాడు. డాక్టరుగారు ఫైల్లో పాత రిపోర్టు చూసి, "నాలుగేళ్ల కిందట ఇంత బాగా ఊదావు. ఇప్పుడు అందులో మూడో వంతు కూడా లేదేంటి?" అని అడిగారు.

వదినా, అప్పుడు ఊదింది నేను. పోర్టులో బొగ్గు పనికి ఫిట్‌నెస్ కాగితం కావాలన్నారు. అన్నయ్యకి అప్పటికే ఆయాసం. "నువ్వు సముద్రంలో ములిగీవోడివి, నీకు ఊపిరెక్కువ. నా పేరు సెప్పి ఊదీసి రా" అన్నాడు. వెళ్లి ఊదేశాను. ఆ రోజు తనే ఊది ఉంటే ఆ పని దొరికేది కాదు, ఇన్నేళ్ల బొగ్గుపొడి లోపలికి పోయేది కాదు.

డాక్టరుగారికి నిజం చెప్పబోతే అన్నయ్య నా చెయ్యి నొక్కాడు. "అప్పుడు బాగుండీవోణ్ణి సార్" అన్నాడు. బయటికొచ్చాక, "మీ వదినకి సెప్పకురా. నాను పోతే దానికి నువ్వే దిక్కు" అన్నాడు.

పాడైన ఊపిరితిత్తులు ఇక బాగుపడవట. మందులు ఆయాసం కొంచెం తగ్గడానికేనట.

రేపు అన్నయ్యని ఇంటికి తీసుకొస్తాను. నన్ను గుమ్మం బయటే ఆపేసినా ఏమీ అనుకోను. అన్నయ్య చెయ్యి మాత్రం పట్టుకో, ఆ మూడు మెట్లు ఎక్కడానికి చాలాసేపు పడుతుంది.