నది అవతలి నీలి కారుకు వారసులు

మిషిగన్ రాష్ట్రం హ్యామ్‌ట్రామిక్ ఊళ్లో కాపురముంటున్న లొరెట్టా జబ్లోన్‌స్కీ అనే నేను, ఒకప్పుడు సైన్యంలో బళ్ల మెకానిక్‌ని, ఆ తరువాత రిటైరయ్యేదాకా ట్రక్కుల గేరుబాక్సులు పరీక్షించినదాన్ని, ఒంట్లో జబ్బున్నా బుద్ధిలో ఏ లోటూ లేకుండా, ఎవరి బెదిరింపుకీ బుజ్జగింపుకీ లొంగకుండా, నా ఆస్తుల గురించీ నా కోపాల గురించీ రాయిస్తున్న కడపటి వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు జరిపే బాధ్యత లాయరు ప్రిసిల్లా ఓక్స్ గారిది. ఇందులో తిట్లు తీసేస్తే బాగుంటుందని ఆవిడ సలహా ఇచ్చారు. తిట్లు తీసేస్తే మిగిలేది ఇల్లూ గిన్నెలే కాబట్టి నేను ఒప్పుకోలేదు.

1. ముందుగా కారు సంగతి. అది నీలం రంగు రెనో క్లియో. వెనక తలుపు పైకి లేచే బుడ్డ కారు. దాని ముక్కులో దాని ఒంటికి మించిన ఇంజను ఉంది. ఫ్రాన్సులో పుట్టింది. అమెరికాలో దాన్ని ఏనాడూ అమ్మలేదు. ఇరవై ఏళ్ల వయసులో జర్మనీలో సైనిక శిబిరంలో ఉండగా తోటి సిపాయి దగ్గర ఇలాంటిదే ఒక పెజో కారు అరువు తీసుకుని, సరిహద్దు దాటి, ద్రాక్షతోటల మధ్య మెలికల రోడ్డు మీద నడిపాను. తిరిగొచ్చి మా ఊళ్లో అలాంటి కారు కావాలని అడిగితే షోరూమువాడు నవ్వి, "అంత చిన్నది నీకెందుకమ్మా, బొమ్మల కొట్లో అడుగు" అన్నాడు. వాడిప్పుడు లేడు. ఉంటే వాడికీ ఒక క్లాజు రాసేదాన్ని.

2. మా ప్రభుత్వం సంగతి కూడా రాయించాలి. ఇక్కడ అమ్మని కారును బయటినుంచి తెచ్చుకోవాలంటే దానికి పాతికేళ్లు నిండాలి. కెనడాలో పదిహేనేళ్లు చాలు. మా ఇంటినుంచి వంతెన దాటితే కెనడా. అందుకని నా కారు నది అవతల విండ్సరులో, మా పిన్ని కొడుకు గోర్డన్ మెకాలే గరాజులో, గోర్డన్ పేరుతో ఉంది. డబ్బు పెట్టింది నేను. బెల్టులు మార్చింది నేను. కాగితం మీద మాత్రం వాడిది. నన్ను ఇంత చిన్నబుచ్చిన చట్టానికి నా ఆస్తిలో చిల్లిగవ్వ కూడా చెందదు, అది తీసుకోవలసిన పన్ను తప్ప.

3. మా ఫ్రెంచి కార్ల అభిమాన సంఘం అధ్యక్షుడు డ్వేన్ ఫెరిస్‌కి ఒక గోడ క్యాలెండరు ఇస్తున్నాను. ఎందుకో అందరికీ తెలియాలి. ఆ పెజో కారు నా మనసులోంచి పోలేదు. ఏళ్లతరబడి వెతికి, అచ్చం అలాంటిదాన్నే బెల్జియంలో పట్టుకున్నాను. తయారైంది ఎనభై ఆరు సెప్టెంబరులో. ఇలాంటి బళ్లు తెప్పించడంలో తనకు మించినవాడు లేడని డ్వేన్ ముందుకొచ్చి, రేవు కాగితాలన్నీ తన పేరున పెట్టుకున్నాడు. రెండువేల పదకొండు ఫిబ్రవరిలోనే ఓడెక్కించాడు. సెప్టెంబరు దాకా ఆగుదామంటే, "ఏడాది వచ్చేసిందిగా లొరెట్టా, ఇక నెలలెవడు చూస్తాడు? నువ్వు మరీ చాదస్తం" అన్నాడు. నెలలు చూసేవాళ్లు రేవులో ఉన్నారు. వెనక్కి పంపండి, లేకపోతే నలగ్గొట్టిస్తాం అని గడువు పెట్టారు. అప్పుడైనా వెనక్కి పంపాడా? "వాదిస్తే మనమే గెలుస్తాం, నువ్వు ఊరికే కంగారు పడకు" అంటూ గడువు దాటేదాకా వాదించాడు. నా కారును యంత్రంలో వేసి చెక్కపెట్టె అంత చేశారు. సంఘం సమావేశంలో అందరి ముందూ, "పోనీలే, పాఠం నేర్చుకున్నాం" అన్నాడు. నేర్చుకున్నది అతను, పోయింది నాది.

ఆ క్యాలెండరు మా చర్చివాళ్లు పంచింది, బొమ్మలు బాగుంటాయి. ఏడాదికి నెలలుంటాయని డ్వేన్ దాన్ని చూసి గ్రహించగలడు.

4. సంఘం తరఫున నా కారును తమ పేరున రాయమనీ, ప్రదర్శనల్లో చుట్టూ తాళ్లు కట్టి నిలబెడతామనీ డ్వేన్ మొన్న ఆస్పత్రికి వచ్చి అడిగాడు. పూలు తెచ్చాడు, అడిగాడు, పూలు పెట్టి వెళ్లాడు. సంఘానికి ఏమీ లేదు. తాళ్లు కట్టి చూడటానికి అదేమీ ఏనుగు కాదు.

5. మేనల్లుడు బ్రెంట్‌కి కారు మీద కప్పే గుడ్డ. వాడు నా మంచం పక్కన కూర్చుని ఫోను నొక్కుకుంటూ, "అత్తా, నవంబరులో పాతికేళ్లు నిండాక దీన్ని ఆన్‌లైన్‌లో పెడితే ఎంత పలుకుతుందో తెలుసా?" అన్నాడు. నేను ఇంకా ఊపిరి తీస్తూనే ఉన్నాను. వాడికి కారంటే రేటు. గుడ్డ మంచిదే, దాన్ని అమ్ముకోవచ్చు.

6. ఇప్పుడు గోర్డన్. వీడి గురించి రాయించేటప్పుడు లాయరుగారు రెండుసార్లు మంచినీళ్లు తాగారు. కెనడావాడు తన బండిలో చుట్టపుచూపుగా వస్తే మా చట్టం కళ్లు మూసుకుంటుంది. నది అవతల నేనెంతైనా నడపొచ్చు, ఇక్కడ ఉండేవాళ్లం ఈ ఒడ్డున దాని చక్రం పట్టుకుంటే మాత్రం బండి జప్తవుతుంది. ఇది తెలిసిన దగ్గర్నుంచి గోర్డన్ ప్రతి ఆదివారం నా కారు వేసుకుని వంతెన దాటి, నా గుమ్మం ముందు ఆపి, హారను కొట్టి, నా వంటింట్లో ఆలుగడ్డ కూరి ఉడికించిన పిరోగీలు తిని, నన్ను నా కారులోనే పక్కసీట్లో కూర్చోబెట్టి మా వీధులు చూపిస్తాడు. ఏమన్నా అంటే నవ్వు. "ఏంటక్కా, మహారాణిలా కూర్చోక ఆ చూపేంటి? చేయి పెట్టకు బాబూ, పట్టుకుంటే నా మీదకొస్తుంది." ఇంజను ఇంకా గొంతు విప్పకముందే గేరు మార్చేస్తాడు. మలుపు కనపడగానే బ్రేకు మీద నిలబడతాడు. నా కారులో నేను కళ్లు మూసుకుని కూర్చోవలసి రావడం ఇన్నేళ్లలో నేను పడ్డ అన్ని అవమానాల్లోకీ పెద్దది.

నా పేరున లేనిదాన్ని నేను రాసివ్వలేనని లాయరుగారు చెప్పారు. నా పేరున ఉన్నదాన్ని ఇవ్వకుండా ఉండగలను కదా. హ్యామ్‌ట్రామిక్‌లోని నా ఇల్లు, వెనకనున్న గరాజుతో సహా, గోర్డన్‌కే చెందుతుంది. అయితే, నేను పోయాక నెల తిరిగేలోపు వాడు కారును తన భార్య మోయిరా పేరుకు మార్చి, ఆ కాగితం లాయరుగారికి చూపించాలి. అలా చేయకపోతే ఇల్లు డ్వేన్ ఫెరిస్‌కి పోతుంది. ఈ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎంత గిట్టదో నాకు తెలుసు. కాబట్టి మోయిరా పేరుకు కారు మారుతుందనే నా నమ్మకం.

7. మోయిరాకు ఎందుకంటే, ఇన్ని శీతాకాలాల్లో ఆ కారును బతికించింది ఆవిడే. మంచు పడ్డ రోజున కూడా నైటీ మీద కోటు వేసుకుని గరాజులోకి వెళ్లి, ఇంజను వేడెక్కేదాకా పక్కన నిలబడేది. గేరు బండి నడపడం నేనే నేర్పాను, విండ్సరులో ఒక సూపర్‌మార్కెట్ ఖాళీ స్థలంలో. మొదటి రోజు పదేపదే ఆగిపోతుంటే, "వదినా, ఇది నన్ను ఒప్పుకోవట్లేదు" అని ఏడ్చింది. సాయంత్రానికి ఒప్పుకుంది. ఇప్పుడు మోయిరా మూడో గేరులో మలుపు తిప్పితే నేను కళ్లు మూసుకోను. నా తోలు చేతి తొడుగులు, మా అమ్మ పిరోగీల పీట, పనిముట్ల పెట్టె కూడా ఆవిడకే. పెట్టెలో పైఅరలో ఉన్న చాక్లెట్లు కూడా. మోయిరా, గోర్డన్‌ని పక్కసీట్లో కూర్చోబెట్టు. అక్కడ ఎలా ఉంటుందో వాడికి తెలియాలి.

8. డ్వేన్ గురించి ఇంకొక మాట. వాడు నా కారును చంపాడు, నేను క్షమించలేదు, ఇకముందు కూడా క్షమించను. కానీ అది నలిగిపోయిన వార్త నాకు ఫోనులో చెప్పేటప్పుడు వాడు ఏడ్చేశాడు. నాలాగే వాడు కూడా కుర్రతనం నుంచీ, తనకు అమ్మని కార్ల బొమ్మలు కత్తిరించి దాచుకున్న మనిషి. కాబట్టి వాడికి ఈ కారులో ఒక్కసారి తిరిగే హక్కు ఇస్తున్నాను. వెనక సీట్లో. అంత భారీ మనిషి మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చోవాలి. మోయిరా నెమ్మదిగా నడపకూడదు.

9. ఈ కారు తయారైంది రెండువేల సంవత్సరం నవంబరులో. అంటే వచ్చే నవంబరుకి పాతికేళ్లు నిండుతాయి, చట్టం దాన్ని వదిలేస్తుంది. డాక్టరమ్మ మొన్నటిదాకా "క్రిస్మస్ పండుగలకి చూద్దాం" అనేది. ఇప్పుడు వచ్చే వారం మాట మాత్రమే మాట్లాడుతోంది. ఆవిడ మంచిది, అబద్ధం చెప్పడం రాదు. చట్టం కోసం నలభై ఏళ్లు ఆగినదాన్ని. డ్వేన్ తొందరపడితే నేను ఆగమన్నాను. గోర్డన్ ఆటపట్టిస్తే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నాళ్లూ మర్యాదగా ఉన్నదానికి నా వీధిలో నాకు దక్కింది పక్కసీటు.

10. ఈ కాగితం మీద సంతకాలు నా వంటింటి బల్ల దగ్గర జరుగుతున్నాయి. ఇవాళ ఆదివారం. కారు గుమ్మం ముందుంది. గోర్డన్ పక్కగదిలో రెండో పళ్లెం తింటున్నాడు. తాళంచెవి వాడి కోటు జేబులోంచి నా జేబులోకి వచ్చింది. సంతకం పెట్టగానే నేను బయటికి వెళ్లి, ఎడమపక్క డ్రైవరు సీట్లో కూర్చుని, మా కంపావు వీధిలో ఈ చివరినుంచి ఆ చివరికి నా కారు నడుపుతాను. దారిలో పోలీసులు పట్టుకుని కారును తీసుకుపోతే 6, 7, 8 క్లాజుల్లో కారుకు సంబంధించిన మాటలన్నీ రద్దవుతాయి, ఇల్లు నేరుగా మోయిరాకు వెళుతుంది. ఆవిడకు క్షమాపణ చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పను. ఎవరూ నన్ను ఆపడానికి వీధిలోకి రావద్దు. నేను గేరు ఆలస్యంగా మారుస్తాను.

2025 ఆగస్టు 17వ తేదీ, ఆదివారం, హ్యామ్‌ట్రామిక్.

(సంతకం) లొరెట్టా జబ్లోన్‌స్కీ

సాక్షులు:
నాదియా అల్‌సుబాహి, పక్కింటివారు
స్టానిస్లావ్ బుద్‌నిక్, ఎదురింటివారు

పై ఇద్దరమూ ఆవిడ పూర్తి తెలివితో సంతకం పెట్టడం కళ్లారా చూశాము. మా సంతకాలు పూర్తయ్యేసరికి ఆవిడ గదిలో లేరు.