నాన్న బకెట్ ఉన్న చోటు

రాత్‌వెల్,
8 మార్చి 1987, ఆదివారం.

ప్రియమైన వినీ అక్కకు,

దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. డునెడిన్‌లో నువ్వూ బావగారూ పిల్లలూ కూడా చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఆరాధన ముగించుకుని వచ్చి, వంటగది బల్ల దగ్గర టీ పెట్టుకుని కూర్చున్నాను. క్లిఫర్డ్ కుర్చీలోనే గురక పెడుతున్నారు. ఆయన దగ్గు సంగతి అడిగావు. తగ్గింది. డాక్టరు మందు పనిచేసిందా, నా ఉల్లిపాయ కషాయం పనిచేసిందా అంటే, "రెండూ భరించలేక అదే పారిపోయింది" అంటున్నారు.

చాపెల్ నిజంగానే మూసేశారా అని అడిగావు. అవునక్కా. సెప్టెంబరు చివరి ఆదివారం ఆఖరి ఆరాధన జరిగింది. పంతొమ్మిది మందిమి ఉన్నాం. ఇప్పుడు కొండ మీది పెద్ద చాపెల్‌కి వెళుతున్నాం. అక్కడ కీర్తనలు మరీ తొందరగా పాడేస్తారు, నాకు ఊపిరి అందదు. బెంచీలు అమ్ముడుపోయాయి గానీ, నడవలో పరిచే ఎర్ర తివాచీని ఎవరూ కొనలేదు. నువ్వు పెళ్లికూతురిగా నడిచింది దాని మీదే. నేనూ అంతే. పోయిన జూన్‌లో నాన్న శవపేటిక వెళ్లిందీ దాని మీదుగానే. అది చెత్తలోకి పోవడం చూడలేక, పాస్టరుగారిని అడిగి తెచ్చుకున్నాను. తెచ్చి నాన్న మడి మీద పరిచాను.

నవ్వకు. నాన్న పోయాక రైలుకట్ట పక్కనున్న ఆ అద్దె కూరగాయల మడిని నా పేరుకి మార్చారని రాశాను కదా. వేసవంతా పార పడక గరిక మోకాలెత్తు లేచింది. నా మోకాళ్లు ప్రార్థనకి వంగినంత సులువుగా తవ్వడానికి వంగవు. చలికాలమంతా వెలుగు తగలకుండా నేలని కప్పి ఉంచితే వసంతానికి కలుపు చచ్చి, మన్ను మెత్తబడుతుందని అందరూ చేసేదే. అక్టోబరులో క్లిఫర్డూ నేనూ కలిసి తివాచీ పరిచి, గాలికి లేవకుండా ఇటుకలు పెట్టాం. పక్క మడి సిరిల్ బాబాయ్ కంచె మీద మోచేతులు ఆనించి చూస్తున్నారు. గుర్తున్నారు కదా, నాన్నతో రూబార్బ్ షెడ్డులో, ఆ పుల్లటి కాడల్ని చీకట్లో పెంచేచోట, పనిచేసినాయన. ఇప్పుడు ఈ మడులు అద్దెకిచ్చే తోటల సంఘం కార్యదర్శి.

"ఏమ్మా ఏవిస్, రాణిగారు గానీ వస్తున్నారా? ముందే చెబితే చొక్కా మార్చుకొచ్చేవాణ్ణిగా!"

"గరికకి పెళ్లి చేస్తున్నాం బాబాయ్," అన్నారు క్లిఫర్డ్.

"మీ మావ చూస్తే పార పుచ్చుకుని నీ వెంటపడేవాడు. నేలని తవ్వాలయ్యా, దుప్పటి కప్పి జోకొడతారా ఎవరైనా?"

ఇక నీ మూడో ప్రశ్న, నాన్న రూబార్బ్ ఎలా ఉందని. దానికి జవాబు రాయలేక ఉత్తరం ఇన్నాళ్లు ఆలస్యం చేశాను.

ఆ షెడ్డు నీకు గుర్తుందా? మనం నాన్న చొక్కా అంచు పట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లం. చిమ్మచీకటి, బొగ్గు వెచ్చదనం, అక్కడక్కడా కొవ్వొత్తి. కాడల మొగ్గలు విచ్చుకునే చిటపటలు వినాలని ఊపిరి బిగపట్టుకునేవాళ్లం. ఆ షెడ్డు మూసేసినప్పుడు యజమాని నాన్నకి ఒక్క దుంప ఇచ్చాడు. నాన్న దాన్ని మన పాత ఉయ్యాల బండిలో పడుకోబెట్టి, దుప్పటి కూడా కప్పి, మడిదాకా తోసుకొచ్చారు. దారిలో ఒకావిడ పాప ఎలా ఉందని బండిలోకి తొంగి చూసింది. నువ్వు నవ్వాపుకోలేక రోడ్డు మీదే కూలబడ్డావు.

అక్కా, క్రిస్మస్ ఉత్తరంలో నీకు అబద్ధం రాశాను. నాన్న వేసినట్టే రూబార్బ్‌కి పశువుల ఎరువు వేశానని రాశాను. వేయలేదు. చలి మొదలవగానే దాని ఆకులు పూర్తిగా ఎండిపోయి, పైకి ఏమీ కనబడదు. అందుకే దుంప పక్కన నాన్న ఒక తుప్పు బకెట్ బోర్లించి గుర్తు పెట్టేవారు. తివాచీ పరిచిన రోజు ఇటుకలు మోయడానికి ఆ బకెట్ తీసింది నేనే. తీసి, కింద దుంప ఉన్న సంగతే మరిచిపోయి, మడంతా కప్పేశాను. రూబార్బ్ ఎలా ఉందంటూ డిసెంబరులో నీ ఉత్తరం వచ్చినప్పుడే నాకు గుర్తొచ్చింది. అప్పటికే మంచు పడి తివాచీ రాయిలా బిగుసుకుపోయింది. తర్వాత కరిగినా ఎత్తి చూసే ధైర్యం లేకపోయింది. కింద కుళ్లిన దుంప కనబడుతుందని భయం. ఎరువు సంగతి చదివి నువ్వు ఏడ్చానని రాశావు చూడు, ఆ వాక్యం నన్ను ప్రార్థనలో కూడా వదల్లేదు.

కొత్త సంవత్సరంలో సంఘం నోటీసు వచ్చింది. పీచు మట్టిలో ఉండిపోతుందట, ఇకమీదట తివాచీలు పరచకూడదు. మార్చి మొదటి శనివారం పదింటికి మడులు చూస్తారు. తివాచీ ఉన్నా, సాగు లేకపోయినా మడి పోయినట్టే, వరసలో ఉన్నవాళ్లకి ఇచ్చేస్తారు.

అంటే నిన్న. పొద్దున్నే వెళ్లి బాబాయ్‌తో చెప్పేశాను.

"నాన్న రూబార్బ్ దీని కిందే ఉంది బాబాయ్."

"ఏ మూల?"

"నీటి పీపా పక్కన."

"అక్టోబరు నుంచా? ఓసి పిచ్చిదానా!"

ఇటుకలు తీసి, ముగ్గురం కలిసి తివాచీ చుట్టుకుంటూ పోయాం. గరిక తెల్లదారాల్లా వాడిపోయి, కింద నల్లటి మన్ను బయటపడింది. పీపా దగ్గర తివాచీ చిన్న దిబ్బలా ఉబ్బి ఉంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. బాబాయే అంచు పట్టుకుని లాగారు.

గులాబీరంగు కాడలక్కా! బరువుకి వంగిపోయినా జానెడు పొడవు. పైన ముడతలు పడిన పసుపు ఆకులు. అచ్చం షెడ్డులోవే.

బాబాయ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "మీ నాన్నా నేనూ ముప్పై ఏళ్లు బొగ్గు మోసి చేసిన పని, నువ్వు గుడి తివాచీతో కానిచ్చేశావు. మా నడుములు పోయింది దండగే!" అన్నారు.

పదింటికి మిగతా సంఘంవాళ్లు వచ్చి చూశారు. బాబాయ్ పుస్తకంలో "సాగులో ఉంది" అని రాసుకున్నారు. మడి మనదే.

ఒక్క బాధ మిగిలింది. చీకట్లో కాసిన దుంపకి ఆ తర్వాత ఏడాదంతా కోయకుండా విశ్రాంతి ఇవ్వాలని నాన్న నియమం కదా. నువ్వు వస్తానన్న ఈస్టర్ వచ్చేసరికి కోయడానికేమీ ఉండదు. ఉన్న కాడలు ఉడికించి నీకోసం రెండు జాడీల్లో పెట్టాను. ఒక్కటి మాత్రం అక్కడే పచ్చిగా తిన్నాను, నువ్వు నేర్పినట్టే, కాగితప్పొట్లంలో చక్కెర అద్దుకుని. పుల్లదనానికి కళ్లలో నీళ్లొచ్చాయని క్లిఫర్డ్‌తో చెప్పాను.

నిన్న మధ్యాహ్నం రెండు తోపుడుబండ్ల ఎరువు తెప్పించి దుంప చుట్టూ వేశాను. బకెట్‌ని మళ్లీ పక్కనే బోర్లించాను. క్రిస్మస్‌కి నీకు రాసిన మాట మూడు నెలలు ఆలస్యంగా నిజమైంది. క్షమించగలిగితే, వచ్చి నీ కళ్లతో చూసుకో.

ఇట్లు,
నీ రాకకోసం ప్రార్థించే చెల్లెలు,
ఏవిస్