జోలపాటకు మిడి సెట్టింగులు

సోమవారం
ఇవాళ్టి నుంచి నేను సంగీత దర్శకుణ్ణి! మా ఆవిడకు తొమ్మిదో నెల. పుట్టబోయే బిడ్డకు నా చేత్తో చేసిన జోలపాట వినిపిస్తానని అందరి ముందూ మాటిచ్చేశాను. కీబోర్డు కొన్నాను. కంప్యూటర్లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. కలిపే వైరూ ఉంది. సాయంత్రానికల్లా పాట రెడీ!

సాయంత్రం
మీట నొక్కితే చప్పుడు లేదు. వైరులో వెళ్ళేది శబ్దం కాదట, 'ఫలానా మీట నొక్కాడు' అన్న కబురేనట. దాని పేరే మిడి. ఆ కబురు ఎవరందుకోవాలో మిడి ప్రిఫరెన్సెస్ అనే సెట్టింగుల్లో మనమే చెప్పాలట. చెబుదాం.

మంగళవారం
ప్రిఫరెన్సెస్ తెరిచాను. ఇన్‌పుట్, అవుట్‌పుట్, సింక్, పదహారు ఛానళ్ళు. దేన్నీ నొప్పించడం ఇష్టం లేక అన్నిటికీ టిక్కు పెట్టాను. ఒక్క మీట నొక్కాను. ఆ కబురు కంప్యూటర్‌కి వెళ్ళి, కీబోర్డుకి తిరిగొచ్చి, మళ్ళీ వెళ్ళి... ఆగదే, బుస్సుమని ఒకటే హోరు! అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.
"గ్యాస్ లీకా, అల్లుడుగారూ?"
"జోలపాటండీ."
ఆవిడ కిటికీలన్నీ తెరిచి వెళ్ళిపోయారు.

బుధవారం
ముట్టుకోలేదు. నా కళ్ళజోళ్ళ షాపులో రద్దీ. పైగా సంగీతానికి మూడ్ ముఖ్యం.

గురువారం
హోరు పోయి శబ్దం వచ్చింది!! కానీ పదో ఛానల్ డ్రమ్ములదట. ఏ మీట నొక్కినా దరువే. సరే, జోలపాట మొత్తం దరువుల్లోనే వాయించి మా ఆవిడకు వినిపించాను.
"ఎలా ఉంది?"
"గిన్నెల అరలో పిల్లి దూరినట్టుంది. లోపల ఒకటే తన్నులు."
"తాళం వేస్తోందేమో!"
"బయటికొచ్చి ఆపుదామని చూస్తోంది."

శుక్రవారం
ఛానల్ మార్చాను. అసలు కీబోర్డే లేదంటోంది కంప్యూటర్. వైరు పీకి పెట్టాను. ఇప్పుడు రెండున్నాయంటోంది!
"ఏవండీ, నొప్పులు..." అంది మా ఆవిడ.
"ఒక్క నిమిషం, ఇన్‌పుట్..."
అత్తగారు వచ్చి ప్లగ్గు పీకేశారు. కంప్యూటర్ ఆరిపోయింది, నేను లేచాను. టాక్సీలో దారి పొడుగునా మా ఆవిడ చెయ్యి వదల్లేదు. వదలనివ్వలేదు కూడా, గోళ్ళు దిగాయి.

శనివారం
ఆడపిల్ల! కళ్ళు మూసుకుని ఒకటే ఏడుపు. పాట లేదు, చేతులు ఖాళీ. ఏం చెయ్యను? చెవి దగ్గర వంగి గొంతుతోనే పాడాను. పాప ఠక్కున ఏడుపు మానేసింది! నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్క మంచం పాప ఏడుపు అందుకుంది. ఆ పక్కదీ.
"బయట పాడుకోండి సార్" అంది నర్సు.

బుధవారం
ఇంటికొచ్చాం. నేను పాడితే తప్ప పాప పడుకోదు. నా గొంతు పూర్తిగా పోయింది.
"పోయేముందే ఫోన్లో రికార్డు చెయ్యాల్సింది" అంది మా ఆవిడ.
సంగీతమంటే అంత తేలికా అని కాగితం మీద రాసి చూపించాను. ఆవిడ అటు తిరిగి పడుకుంది.
రేపు పొద్దున్నే మిడి ప్రిఫరెన్సెస్ మొదటి నుంచి. అన్ని టిక్కులూ తీసేస్తాను. ఈసారి జోలపాట తప్ప మరి దేని జోలికీ పోను.
ఒక్క సింక్ తప్ప. అదేమిటో చూడాలి కదా!