ఉత్తరపు వాలు

చిరంజీవి గాష్పర్‌ను అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. బోహిన్‌లో మేమంతా కులాసా. ఆవు ఈనింది, పెయ్యదూడ. పిరాన్ సముద్రపు గాలికి నీ దగ్గు తగ్గిందని తలుస్తాను.

నువ్వు పంపిన ఉప్పు అందింది. నువ్వు పనిచేసే మళ్ళలో పండిందేగా, సంకటిలో వేసిన రోజున రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఫానికా అత్త బాగుందా అని అడిగావు. ఆవిడకేం, మోకాళ్ళ నొప్పులంటూనే కొండెక్కడంలో నన్ను వెనకేస్తుంది. మంచు మీద జారే నీ స్కీలు అమ్మేయమన్నావు, దానికి చివర్లో జవాబు రాస్తాను. ముందు ఒక సంగతి చెప్పాలి, కోప్పడకు.

ఆదివారం నేనూ ఫానికా స్కీల అడుగున, వెనక్కి జారకుండా బొచ్చుపట్టీలు అతికించుకుని బేలా గ్లావా కొండ ఎక్కాం. శిఖరం చేరేసరికి దక్షిణపు వాలు మీద మంచు ఇంకా రాయిలా ఉంది. వసంతంలో ఎప్పుడూ ఉండేదే కదా, ఎండకు పైపైన మెత్తబడేదాకా కూర్చోవాలి, మరీ మెత్తబడి కిందికి జారకముందే దిగాలి. రొట్టె తిని, వీపుకు వీపు ఆనించి ఎండలో కూర్చున్నాం.

నాకు మీ నాన్న కనిపించాడు. కొండంతా ఉప్పు ఆరబోసి, తీరిగ్గా గొర్రుతో లాగుతున్నాడు. "ఇంకాస్త ఆగు రెజ్కా, మెత్తబడలేదు" అన్నాడు, బతికుండగా అనే మాటే. ఆయన చెప్పాడు కదా అని ఆగాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

"ఒసేయ్, లేవవే. పొద్దెక్కిపోయింది," అని ఫానికా కుదిపింది.

"నువ్వు మేలుకుని ఉంటావనుకున్నానే."

"నీ గురించి నేనూ అదే అనుకున్నా. ఇద్దరం కలిసి గుర్రుపెట్టాం. మంచు చూడు, అంబలైపోయింది."

ఇక దక్షిణం వైపు దిగితే కొండే మాతో పాటు దిగేలా ఉంది. మిగిలింది ఉత్తరపు వాలు. మీ నాన్న అక్కడ పోయాక మన ఇంట్లో ఎవరూ అటు అడుగుపెట్టలేదు. ఫానికా పారతో తవ్వి, లోపలి పొరలు తడిమి, మంచు గట్టిగా కూర్చుందని చెప్పింది. "భయమైతే చెప్పు, సాయంత్రం మళ్ళీ గడ్డకట్టేదాకా ఇక్కడే ఉందాం" అంది. నాకు భయమే వేసింది, గాష్పర్. అయినా వెళ్ళి అంచున నిలబడ్డాను, ఆ రోజు నువ్వు నిలబడ్డ చోటే.

"అంతా బాగానే ఉంది, ముందు నువ్వు దిగు నాన్నా" అని పంపింది నువ్వేనని, ఆ మాటతోనే ఆయన్ను చంపుకున్నానని రాశావు. అక్కణ్ణుంచి చాలాసేపు చూశాను. నాకూ అంతా బాగానే కనిపించింది. సగం దిగాక తెలిసింది, వాలు మధ్యలో బొజ్జలా ఉబ్బి ఉంది. ఆ రోజు మంచు పలకలా విరిగి మీ నాన్నను లాక్కుపోయిన చోటు దాని వెనకుంది. పైనుంచి ఎవరికీ కనపడదు. నీ కళ్ళు తప్పు చూడలేదు, నాయనా. మీ నాన్న కూడా అదే అంచు నుంచి అదే చూశాడు.

అక్కడే ఆగి ఏడ్చాను. "ఏడుస్తూ మలుపు తిప్పకే, పడతావు" అంది ఫానికా. తర్వాత కిందిదాకా నీడలో, చప్పుడు లేకుండా జారిపోయాం. కల ఇంకా తెగనట్టే అనిపించింది.

నీ స్కీలు అమ్మలేదు. మైనం రాసి పొయ్యి పక్క గోడకు ఆనించాను. రమ్మని బలవంతపెట్టను. మే నెల దాకా పైన మంచుంటుంది. వస్తే ఆ అంచున నీ పక్కనే నిలబడతాను. ఎప్పుడు దిగాలో నువ్వు చెప్పు, నేను ముందు దిగుతాను.

ఇట్లు,
శిఖరం మీద కునుకు తీసిన మీ అమ్మ,
రెజ్కా