పప్పు మానేసిన ఇరవై అయిదు రోజులు

మే 12, 1969. సోమవారం

అత్తయ్యకి బి.పి. నూట ఎనభై. నారాయణగూడలో విద్యాసాగర్ డాక్టరు గారు చూశారు. గదిలోకి ఆవిడొక్కతే వెళ్లింది. నేను బయట గొడుగు పట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద ఊరేగింపు, నినాదాలు, ఒకటే హోరు. అత్తయ్య బయటికొచ్చి, పప్పు పూర్తిగా మానెయ్యమన్నారని చెప్పింది. అంతేనా అంటే అంతే అంది. చీటీలో మాత్రల పేరు తప్ప ఇంకేం లేదు.

పప్పుకీ బి.పి.కీ ఏమిటి సంబంధం? బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి ఇది కూడా తెలియకపోతే ఎలా? దిగులుగా ఉంది. రేపు కొత్తావకాయ తిరగకలపాలి.

మే 14

దొరికింది! చిక్కడపల్లి లైబ్రరీలో, ఒక ఇంగ్లీషు పత్రికలో. పప్పంటే ప్రోటీన్. అరిగితే అమైనో యాసిడ్స్. వాటిలో టైరొసీన్ అని ఒకటుంది. మాగబెట్టిన చీజ్‌లో అది టైరమీన్‌గా మారి బి.పి.ని అమాంతం పెంచేస్తుందట. చీజ్ మనింట్లో ఎవరు చూశారు గనక! కానీ టైరొసీన్ పప్పులోనూ ఉంటుంది కదా. గబగబా కాపీ చేసుకుని అశోక్‌నగర్ దాకా ఒక్క పరుగున వచ్చాను.

భోజనాల దగ్గర అంతా చదివి వినిపించాను. మా ఆయన కంచంలోంచి తలెత్తలేదు. అత్తయ్య మాత్రం నోరు తెరుచుకుని విన్నది. నిజంగా పుస్తకంలో ఉందా అని రెండుసార్లు అడిగింది. ఈ నాలుగేళ్లలో నా చదువుని ఆవిడ లెక్కచెయ్యడం ఇదే మొదలు. సిగ్గు లేకుండా మురిసిపోయాను.

మే 19

పప్పు లేకుండా ముద్ద దిగొద్దూ? రెండుపూటలా కొత్తావకాయ, అప్పడాలు, మజ్జిగ మిరపకాయలు. పాపం, నోరెత్తకుండా సర్దుకుపోతోంది.

మే 27

తలనొప్పి అంటోంది. మాత్రలు వేసుకుంటూనే ఉంది, మరి ఎందుకు? సాంబారు కూడా ఆపేశాను. పైవాటా రాజకుమారి గారు పెసరకట్టు పంపితే తిప్పి పంపి, టైరొసీన్ గురించి చెప్పొచ్చాను. ముసలామెను జర కడుపు నిండా తిననియ్యమని ఆవిడ అంటే ఒళ్లు మండింది. ఈవిడకేం తెలుసు?

జూన్ 3

ఊరంతా బంద్. డాక్టరు గారి దవాఖానా మూసేసి ఉంది. పొద్దున అత్తయ్యకి ముక్కులోంచి రక్తం వచ్చింది. తడిగుడ్డ వేసి పడుకోబెట్టాను. ఆవిడకేమైనా అయితే? పప్పు వాసన కూడా తగలనివ్వడం లేదే, ఇంకేం చెయ్యాలి నేను?

జూన్ 6

రెండు వందల ఇరవై.

డాక్టరు గారు అత్తయ్య చేతికి కట్టిన బి.పి. పట్టీ విప్పుతూ, ఏం పెడుతున్నారని అడిగారు. పప్పు ముట్టనివ్వడం లేదని గొప్పగా చెప్పాను. అమైనో యాసిడ్స్ సంగతీ చెప్పాను. ఆయన నా మొహంలోకి చూశారు.

"పప్పెవరు బంద్ చెయ్యమన్నరమ్మా? నేనన్నది ఉప్పు."

నా కాపీ అడిగి తీసుకుని రెండో వాక్యం మీద వేలు పెట్టారు. ఒక రకం మనోవ్యాధి మాత్రలు మింగేవాళ్లకి మాత్రమే ఆ చీజ్ ప్రమాదం అని ఉంది. నా చేత్తో నేనే రాసుకున్నాను. అయినా కంటికి ఆనలేదు. తిండిలోని అమైనో యాసిడ్స్ బి.పి.ని ఏం చేస్తాయో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదట. ఆవకాయ ఏం చేస్తుందో మాత్రం తెలుసన్నారు. ఇన్నాళ్లూ పక్షవాతం రాకపోవడం మా అదృష్టమట.

రిక్షాలో ఏడ్చేశాను. ఆ గోలలో మీకు వినపడలేదు, నేనూ లోపలికి రావలసింది, తప్పంతా నాదే అన్నాను. చిక్కడపల్లి దాటాక ఆవిడ రోడ్డు వైపు చూస్తూ అంది:

"ఉప్పనే విన్నానే. ఆవకాయ జాడీ అప్పుడే కలిపాం, ప్రాణం ఒప్పక పప్పన్నాను. రెండు రోజులు తిని చెబుదామనుకున్నా. ఇంతలో నువ్వు పుస్తకంలో ఉందన్నావు. చదువుకున్నదానివి, నిజమే కాబోలనుకున్నాను."

జూన్ 7

కందిపప్పు వండాను, ఉప్పు లేకుండా. ఇద్దరం తిన్నాం. ఆవిడ బాగుందంది. నేనూ బాగుందన్నాను.